గవ్వల నవ్వు

"నవ్విందట! ఆవిడ ఏడుస్తుంటే ఎదురుగా నిలబడి నవ్విందట!"

అత్తగారు ఆ మాట అనడం అది ఎన్నోసారో ఎవరూ లెక్కపెట్టలేదు. అన్న ప్రతిసారీ మాత్రం అప్పుడే విన్నట్టు తనే ఉలిక్కిపడుతోంది.

పిట్ట గది తలుపు మూసే ఉంది. చెంప మీద తల్లి వేళ్ల అచ్చు పడగానే లోపలికి వెళ్లిన పిల్ల మళ్లీ బయటికి రాలేదు. పిల్ల అంటే నిజంగా పిల్లేం కాదు. చిన్నపిల్లల బడిలో టీచరు, పాతికేళ్లు దాటిన మనిషి. సన్నగా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేదని చిన్నప్పుడెవరో పిట్ట అన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

"కొట్టావుగా అమ్మా. ఇంక ఊరుకో," అన్నాడు కొడుకు. తల్లి ఫోనుకి హడలిపోయి కళ్లద్దాల కొట్టు మధ్యలో వదిలేసి వచ్చాడు. ఎవరివో కళ్లజోడు మరలు బిగించే బుల్లి స్క్రూడ్రైవరు ఇంకా చొక్కా జేబులోనే ఉంది.

"ఊరుకోవడమా? పెద్ద టీచరమ్మ మొగుడు పోయాక ఇవాళే మళ్లీ బడికొచ్చింది. బడి బడంతా వరసగా నిలబడి సంతాపం చెబుతున్నారు. మన ఆడపిల్ల వంతు వచ్చేసరికి పకపకా నవ్వింది! నోరు మూసుకోవే అని పక్కావిడ గిల్లితే ఇంకా నవ్వింది. నన్ను పిలిపించి అందరి ముందూ అప్పజెప్పార్రా. ఆ గేటు దగ్గర్నుంచి రోడ్డు దాకా తలెత్తితే ఒట్టు!"

"రేపు పొద్దున వెళ్లి అందరి ముందూ క్షమాపణ చెప్పమన్నారు కదా. చెబుతుంది. ఉద్యోగం ఉంచుతారు."

"అక్కడ నిలబడి మళ్లీ నవ్వితే?"

అతను కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఏ గొడవ వచ్చినా అతనికి ముందు అద్దాలే మసకేస్తాయి.

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో మంచినీళ్ల గ్లాసు. ఎవరికోసం తెచ్చిందో తనకే గుర్తు లేదు. చెంపదెబ్బ పడ్డప్పుడు కూడా ఆమె ఇదే గుమ్మంలో ఉంది. అత్తగారి చెయ్యి పైకి లేవడం చూసింది. ఆగండత్తయ్యా, దాని తప్పు కాదు, అంటే చాలు. ఆ చెయ్యి గాల్లోనే ఆగేది. నోరు పెగల్లేదు.

ఎందుకు పెగల్లేదో ఆమెకి తెలుసు. తెలియడమే ఆమె బాధ.

ఆమె ఉద్యోగం చెబితే కొత్తవాళ్లు ముందు నమ్మరు. టీవీ హాస్య కార్యక్రమాలకి నవ్వులు పెట్టడం. పాత్ర జోకు వేస్తుంది. వెనకాల జనం గొల్లుమంటారు. ఆ జనం ఎక్కడా ఉండరు, స్టూడియో చివరి గదిలో ఈవిడ ఉంటుంది. నవ్వులన్నీ ఆమె దగ్గర పేర్లతో సహా ఉంటాయి. 'తుంపర' అంటే అక్కడొకరు ఇక్కడొకరు నవ్వేది. 'బస్తా జారింది' అంటే లావుపాటి మనిషి ఆపుకుని ఆపుకుని ఒక్కసారిగా వదిలేసేది. 'అల్లుడు' అంటే అర్థం కాకపోయినా మర్యాదకి నవ్వేది. స్టూడియోలో ఆమెని నవ్వులమ్మ అంటారు. నవ్వు గొంతులోంచి వచ్చిందో, కడుపులోంచి వచ్చిందో, కళ్లు మూసుకుని చెప్పగలనని ఆమె గొప్ప.

ఇప్పుడు ఆమె చేతిలో ఉన్న షో పేరు 'బుర్రలున్న బంగళా'. మెదడు మీద పరిశోధన చేసే నలుగురు సైంటిస్టులు ఒకే ఇంట్లో అద్దెకుంటారు. మెదడు గురించి వాళ్లకి తెలియనిది లేదు, పాలు పొంగకుండా కాయడం మాత్రం నలుగురిలో ఒక్కరికీ రాదు. ఒకడు తన అత్తగారి తలకి వైర్లు తగిలించి, తిట్లు మెదడులో ఏ మూల పుడతాయో కనిపెడతానని కూర్చుంటాడు. తీరా చూస్తే వైర్లు తన తలకే తగిలించుకుని ఉంటాడు. అలాంటి షో. జనం పడీపడీ చూస్తున్నారు.

ఆ షోకి వచ్చిన పేరులో సగం ఒక్క నవ్వుది. గవ్వలు గచ్చు మీద పోసినట్టు గలగలమని మొదలై, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆమె దానికి 'గవ్వలు' అని పేరు పెట్టుకుంది. అది పిట్ట నవ్వు.

ఇందులో దాపరికం ఏమీ లేదు. హాల్లో అలమర మీద మైకు పెట్టి, ఇంటిల్లిపాదీ టీవీ చూస్తుంటే రికార్డు చేసింది. పిట్టకీ తెలుసు. ఆ నవ్వు విన్నాక నిర్మాత లేచి నిలబడి, ఇకనుంచి షో మొత్తానికి శబ్దం చూసే పెద్ద మీరేనండీ అన్నాడు. అంతవరకూ ఆమె ఇంకొకరి కింద సహాయకురాలు. ఇంటికి వచ్చి ఆడపడుచుని ఎత్తుకుని గిరగిరా తిప్పినంత పని చేసింది.

ఆ తర్వాత వచ్చింది డాక్టరమ్మ.

షోలో సైన్సు తప్పుల్లేకుండా చూడటానికి పెట్టుకున్న మెదడు డాక్టరు ఆవిడ. పాత్రలు మెదడు బొమ్మని తలకిందులుగా పట్టుకున్నా ఊరుకోదు. రెండు వారాల కిందట, తయారైన భాగం చూద్దామని చివరి గదిలోకి వచ్చి కూర్చుంది. జోకులకి నవ్వలేదు. మధ్యలో ఆపమంది.

"ఈ గలగలా నవ్వే నవ్వు మళ్లీ మళ్లీ వస్తోంది. ఒక్కటే తిప్పి తిప్పి వేశారా?"

"అబ్బే, లేదండీ. అన్నీ వేరు వేరు రోజులవి. మా ఆడపడుచుది."

"వేరు వేరు రోజుల్లో నవ్వితే ఇంత ఒకేలా ఎలా ఉంది?"

"అదేనండీ దాని గొప్పతనం!" అంది ఈవిడ ఉత్సాహంగా. "కొలిచినట్టు వస్తుంది. మొదలు, చివర అన్నీ ఒకటే. డైలాగుకీ డైలాగుకీ మధ్య ఎక్కడ పెట్టినా అతికినట్టు సరిపోతుంది."

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "నిద్ర తక్కువైన రోజున ఎక్కువగా నవ్వుతుందా?"

"అవునండీ! మీకెలా తెలుసు? అందుకే రికార్డింగు ఉన్నప్పుడు రాత్రి పొద్దుపోయినా ఇంకో భాగం చూద్దాం రావే అని కూర్చోబెట్టేదాన్ని."

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఆమెకి ఒళ్లంతా కుంచించుకుపోతుంది. ఎంత సంబరంగా చెప్పింది! ఎంత తెలివైన పని చేశాననుకుని చెప్పింది!

"మూర్ఛల్లో ఇదొక రకం అయ్యుండొచ్చు," అంది డాక్టరమ్మ. "మనిషికి సంతోషం ఉండదు, నవ్వొస్తుంది. చూడకుండా ఖాయంగా చెప్పను. వెంటనే తీసుకురండి. మందులున్నాయి. రోడ్డు దాటుతుంటేనో, మెట్లు దిగుతుంటేనో వస్తే ఏమవుతుంది?" అని, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "నవ్వులే మీ పని కదండీ. ఏ మనిషీ రెండుసార్లు ఒకేలా నవ్వదని మీకు నేను చెప్పాలా?"

తల కొట్టేసినట్టయింది ఆమెకి. ఆ రోజే ఇంటికి వచ్చి చెప్పాల్సింది. ఈ వారం భాగం వెళ్లిపోనీ అనుకుంది. తర్వాత, అత్తయ్య కంగారు పడతారు, మెల్లిగా చెబుదాం అనుకుంది. ఆయన కొట్టు పనిలో ఉన్నారు అనుకుంది. ఒకటా, సవాలక్ష సాకులు. అసలు సంగతి ఒక్కటే. చెబితే, నువ్వు ఇన్నాళ్లూ జనానికి అమ్ముకున్నది దాని జబ్బా అని అడుగుతారు. ఆ ప్రశ్న వినే ధైర్యం లేక ఆడపడుచుని రోజూ బడికి పంపించింది.

"అసలు దీనికంతటికీ మూలం ఆ దిక్కుమాలిన షో!" అత్తగారి గొంతు మళ్లీ లేచింది. "నవ్వు, నవ్వు అని దాన్ని నెత్తికెక్కించుకున్నారు. అదుపు తప్పిపోయింది. ఏమ్మా, నిన్నే! ఉలకవు పలకవేంటి?"

కోడలికి మాత్రం ఆవిడ చీకట్లో విసిరిన రాయి సూటిగా తగిలింది.

"షో ఏం చేసిందమ్మా?" అన్నాడు కొడుకు. "పక్కింటావిణ్ణి పిలిచి మరీ, ఇదిగో మా పిట్ట నవ్వు అని వినిపించింది నువ్వు కాదూ?"

"అప్పుడు నవ్వాల్సిన చోట నవ్వింది!"

నవ్వాల్సిన చోట నవ్వింది పిట్ట కాదు. ఎక్కడో వచ్చిన నవ్వుని తీసుకొచ్చి నవ్వాల్సిన చోట పెట్టింది కోడలు. జోకు వచ్చేటప్పుడు పిట్ట నవ్విన రోజు ఒక్కటైనా ఉందా అని ఆమె ఇప్పుడు వెతుక్కుంటోంది. కనిపించడం లేదు.

"నువ్వెళ్లు," అన్నాడు భర్త ఆమె వైపు తిరిగి. "నీ మాటంటే దానికి గురి. రేపు నాలుగు ముక్కలు నేర్పి పంపించు. ఏదో పాత సంగతి గుర్తొచ్చి నవ్వాను, తప్పైపోయింది అని చెప్పమను."

"అలాగేనండీ," అంది. ఆ గొడవ మొత్తం మీద ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. అదీ అబద్ధమే.

ఆమె తలుపు తీసేసరికి పిట్ట నేల మీద కూర్చుని రంగు కాగితాల్లోంచి చేపలు కత్తిరిస్తోంది. తరగతి గోడకి అంటించడానికి. చుట్టూ నీలం చేపలు, పసుపు చేపలు. రేపు ఆ తరగతి ఉంటుందో లేదో తెలియని మనిషి ఒక్కో చేపకీ జాగ్రత్తగా కన్ను గుండ్రంగా కోస్తోంది. చెంప ఇంకా కందే ఉంది.

"నీళ్లు తాగుతావా?"

పిట్ట గ్లాసు అందుకుని పక్కన పెట్టింది. "ఆవిడ ఎలా ఉందట వదినా? పెద్ద టీచరమ్మ? నావల్ల ఇంకా ఎక్కువ ఏడ్చిందా?"

"తెలీదు."

"ఆవిడంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు కదా. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలు నా మాట వినకపోతే, పక్కన కూర్చుని నేర్పించింది. ఇవాళ కళ్లనిండా నీళ్లతోనే వెళ్లాను. నీళ్లు కారుతూనే ఉన్నాయి, నోరేమో నవ్వుతోంది. ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది." కత్తెర ఆగింది. "వదినా, నేను చెడ్డదాన్నా?"

"కాదు."

"మరి ఇంకేంటి? చెడ్డవాళ్లు కాకపోతే ఎవరైనా అలా నవ్వుతారా?"

ఇప్పుడు కూడా తప్పించుకోవచ్చు. నేర్పమన్న నాలుగు ముక్కలూ నేర్పి, తల నిమిరి, బయటికి వచ్చెయ్యొచ్చు. గుమ్మం దగ్గరే ఉంది. ఆమె మాత్రం నేల మీద కూలబడింది.

"అది జబ్బు కావచ్చే పిట్టా. మెదడులో వచ్చేది. డాక్టరమ్మ చెప్పింది. మందులున్నాయట."

పిట్ట ముఖం ఒక్కసారి వెలిగింది. పొద్దుటి నుంచీ మోస్తున్న బరువేదో దించినట్టు ఊపిరి వదిలింది. "జబ్బా? నిజంగా? నా బుద్ధి కాదా?" అని, ఆ వెంటనే అడిగింది. "ఎప్పుడు చెప్పింది? ఇవాళ ఫోను చేశావా?"

వదిన కింద పడ్డ కాగితం ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"ఎప్పుడు వదినా?"

"రెండు వారాలైంది."

వెలిగిన ముఖం ఆరిపోవడం ఆమె కళ్లారా చూసింది. పిట్ట అరవలేదు. అరిస్తే బాగుండేది. కత్తెర తీసుకుని సగం కోసిన చేపని పూర్తి చేసింది.

"అంటే ఇవాళ నేను బయల్దేరేటప్పుడు నీకు తెలుసు. సంతాపానికి వెళ్తున్నానని తెలుసు. బట్టలు ఇస్త్రీ చేసిచ్చింది నువ్వే."

"తెలుసు. నన్ను నాలుగు తిట్టవే."

"తిట్టడం నాకు రాదు కదా." చేప కన్ను కోసింది. "నీకొకటి చెప్పనా? మీ షోలో ఏ జోకుకీ నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు. సగం నాకర్థమే కావు. నవ్వు వచ్చే ముందు కడుపులో ఏదో గబుక్కున దిగిపోయినట్టు ఉంటుంది. చచ్చేంత భయమేస్తుంది. తర్వాత నోరు నా మాట వినదు. తేరుకునేసరికి నువ్వు చప్పట్లు కొడుతుంటావు. ఆహా, భలే వచ్చిందే, అంటావు. పోనీలే, ఎవరికో ఒకరికి సంతోషంగా ఉంది కదా అనుకునేదాన్ని."

"ఒక్కసారి చెప్పుంటే..."

"పిలిచాను కదా! భయం వేసినప్పుడల్లా నిన్నే పిలిచాను. వదినా, అని. ప్రతిసారీ పిలిచాను. వినపడలేదా?"

వినపడింది. ఎందుకు వినపడదు? ప్రతి రికార్డింగులోనూ గవ్వలు రాలేముందు సన్నగా ఒక 'వదినా' ఉండేది. చూడు వదినా ఎంత బాగుందో అంటున్నట్టు అనిపించేది ఆమెకి. జనం నవ్వులో ఒకళ్ల పిలుపు ఉంటే బాగుండదు. నవ్వు శుభ్రంగా గల్లుమని మొదలవ్వాలి. అందుకని ప్రతిసారీ ఆ పిలుపుని తన చేత్తోనే కోసి పారేసింది. వందల నవ్వుల్లో నిజమేదో నటనేదో చెప్పగల చెవి, తనని పిలిచిన పిలుపులో భయం ఉందని కనిపెట్టలేకపోయింది. సిగ్గు అంటే ఇన్నాళ్లూ ముఖానికి సంబంధించిందనుకుంది. అది ఎముకల్లోకి దిగుతుందని ఇప్పుడు తెలిసింది.

"వినపడింది," అంది.

"మరి?"

"కోసేశాను."

పిట్టకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని చేపని కింద పెట్టేసింది.

"ఎవరికి జబ్బు?"

తలుపు తోసుకుని అత్తగారు నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో. వెనకాల కొడుకు, చేతిలో కళ్లజోడుతో.

ఇక దాచడానికి ఏమీ లేదు. కోడలు లేచి నిలబడి మొదటి నుంచీ చెప్పింది. డాక్టరమ్మ అన్న మాటలు, నిద్ర లేకుండా కూర్చోబెట్టిన రోజులు, రెండు వారాలు. సాకులు చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. భర్త మధ్యలో ఏదో అనబోయి, ఆమె వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు. పదేళ్ల కాపురంలో అతను అలా చూపు తిప్పుకోవడం ఆమె ఎరగదు.

అత్తగారు వెళ్లి కూతురి పక్కన చతికిలబడింది. కందిన చెంప వైపు చెయ్యి చాపి, ముట్టుకునే ధైర్యం లేక ఒళ్లో పెట్టేసుకుంది.  కోడలి వైపు తలెత్తింది.

"నేను కొట్టినప్పుడు నువ్వక్కడే ఉన్నావు కదమ్మా?"

"ఉన్నానత్తయ్యా."

"నేను తెలియక కొట్టాను. నువ్వు తెలిసీ కొట్టనిచ్చావు."

అరిచి అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. 

"జరిగిందేదో జరిగింది," అన్నాడు కొడుకు. "రేపు పొద్దున్నే ఆసుపత్రికి నేను తీసుకెళ్తాను. బడికి ఫోను చేసి, ఒంట్లో బాగాలేదని చెప్పేద్దాం."

"ఫోను వద్దన్నయ్యా," అంది పిట్ట. "ముందు బడికే వెళ్లాలి. పెద్ద టీచరమ్మ నన్ను చూసిన చూపు అలాగే ఉండిపోతే నేను నిద్రపోలేను. వదిన నాతో వస్తుంది."

"నేనా?"

"నువ్వే. అందరి ముందూ క్షమాపణ చెప్పమన్నారు కదా. నేను చెప్పను. నవ్వింది నేను కాదని ఇప్పుడు తెలిసింది. నువ్వు చెప్పు. ఆ నవ్వు ఏమిటో, టీవీలో వాళ్లందరూ వింటున్నది ఏమిటో, నీకెప్పుడు తెలిసిందో, అన్నీ చెప్పు. ఆవిడ ముందు నిలబడి చెప్పు."

గదిలో ముగ్గురూ ఆమె జవాబు కోసం చూస్తున్నారు. సరే అనడానికే ఆమె నోరు తెరిచింది. అనేది కూడా. కానీ ఆ మాట బయటికి వచ్చేలోపు, రెప్పపాటు కాలం, బడిలో చెబితే ఊరంతా పాకుతుంది, నిర్మాత చెవిన పడితే నా పని ఏమవుతుంది, అన్న ఆలోచన మెరిసింది.

పిట్ట ఆమె ముఖంలోకే చూస్తోంది. ఆ రెప్పపాటుని కూడా చూసేసింది.